జోనింగ్ లేదన్నంత మాత్రాన అడ్డు లేదని కాదు: టెక్సస్ పల్లెల్లో మాన్యుఫాక్చర్డ్ హోమ్ పెట్టుకునే ముందు

మా బావగారు డాలస్‌కు తూర్పున గంటన్నర దూరంలో ఆరెకరాల నేల చూశారు. రిటైరయ్యాక కూరగాయల మళ్లు, రెండు ఆవులు, ఒక ఇల్లు. అదీ ఆయన కోరిక. కట్టించుకుంటే ఏడాది పడుతుంది, ఖర్చూ తడిసి మోపెడవుతుంది. అందుకని ఫ్యాక్టరీలో తయారై లారీ వెనక రెండు ముక్కలుగా వచ్చే డబుల్ వైడ్ తెచ్చి పెట్టుకుందాం అనుకున్నారు. కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేస్తే "మా దగ్గర జోనింగ్ లేదు" అన్నారు, అంటే ఎక్కడ ఏ రకం కట్టడం ఉండవచ్చో చెప్పే నియమాలు లేవని. నేల అమ్మే ఏజెంటూ అదే మాట చెప్పాడు. ఇల్లు అమ్మే డీలరూ అదే చెప్పాడు.

"కౌంటీ వాళ్లే ఏమీ లేదన్నాక ఇంకెవర్ని అడగాలి చెప్పు?" అన్నారు బావగారు.

ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. చిక్కల్లా ఆ నిజం చాలా చిన్నది కావడమే. ఇల్లు ఎలా తయారవ్వాలో వాషింగ్టన్ చెబుతుంది. దాన్ని నేల మీద ఎలా నిలబెట్టాలో, యజమాని ఎవరని రాసుకోవాలో రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చెబుతుంది. మురుగు, వరద, కౌంటీ రోడ్డు కౌంటీ చూసుకుంటుంది. ఇవన్నీ కాక, ఆ నేల మీద ఎలాంటి ఇల్లు ఉండకూడదో ఎప్పుడో ఒక పాత యజమాని రాసి రిజిస్టర్ చేసిన కాగితం ఉండవచ్చు. వీళ్లలో ఒకరు సరే అంటే మిగతావాళ్లు సరే అన్నట్టు కాదు. ఒకరి సంగతి ఇంకొకరు చూడరు కూడా. అన్నిటినీ కలిపి చూసుకోవాల్సింది కొనేవాడే.

ముందు ఆ ఇంటి పేరేమిటి?

మనం మాటల్లో మొబైల్ హోమ్, ట్రైలర్, ప్రీఫ్యాబ్, మాడ్యులర్ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. చట్టం అలా కట్టదు. 1974లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కింద గృహనిర్మాణ శాఖ, అంటే హడ్, దేశమంతటికీ ఒకే నిర్మాణ ప్రమాణం తెచ్చింది. అది 1976 జూన్ 15న అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు తయారైంది మొబైల్ హోమ్. ఆ తేదీ నుంచి హడ్ ప్రమాణం ప్రకారం, శాశ్వతమైన ఇనుప చట్రం మీద తయారైంది మాన్యుఫాక్చర్డ్ హోమ్.

అది ఏదో తెలుసుకోవడానికి డీలర్ మాట అక్కర్లేదు. ఇంటి బయట గోడకు చిన్న ఎర్రటి లోహపు రేకు ఉంటుంది. డబుల్ వైడ్ అయితే రెండు ముక్కలకూ రెండు రేకులు ఉండాలి. ఇంటి లోపల వంటగది అరలోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో, పడకగది క్లోజెట్‌లోనో డేటా ప్లేట్ అనే కాగితం అతికించి ఉంటుంది. ఆ ఇల్లు ఎంత గాలికి, ఎంత మంచు బరువుకు, ఎలాంటి చలికి తట్టుకునేలా చేశారో అందులో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఇల్లు చూస్తుంటే ముందు ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. రేకు ఊడిపోతే హడ్ కొత్తది ఇవ్వదు. ఆ నంబరు నిజమేనని ధ్రువీకరిస్తూ ఒక లేఖ తెప్పించుకోవాలి. అది లేకపోతే లోన్ దగ్గర ఇబ్బంది పడతారు.

మాడ్యులర్ ఇల్లు కూడా ఫ్యాక్టరీలోనే తయారవుతుంది కానీ దాని దారి వేరు. అది మామూలు ఇళ్ల బిల్డింగ్ కోడ్ ప్రకారం తయారవుతుంది, టెక్సస్‌లో దాన్ని ఇంకో శాఖ చూస్తుంది. చక్రాల మీది టైనీ హౌస్‌లు, పార్క్ మోడల్ ట్రైలర్లు ఈ రెండిట్లోకీ రావు. కాబట్టి ఎవరికి ఫోన్ చేసినా "ఒక ఇల్లు పెట్టుకోవాలి" అనకండి. "ఫలానా సంవత్సరంలో తయారైన హడ్ కోడ్ మాన్యుఫాక్చర్డ్ హోమ్" అని అడగండి. ప్రశ్న సరిగ్గా ఉంటేనే జవాబు సరిగ్గా వస్తుంది.

జోనింగ్ లేదన్న మాట ఎంతవరకు నిజం?

టెక్సస్‌లో సిటీ పొలిమేర దాటితే కౌంటీలకు సాధారణంగా జోనింగ్ అధికారం లేదు. పాడ్రే ద్వీపం, అమిస్టాడ్ జలాశయం పరిసరాలు లాంటి కొన్ని చోట్లకు మాత్రం శాసనసభ ప్రత్యేకంగా ఆ అధికారం ఇచ్చింది. కాబట్టి చెరువు గట్టున నేల చూస్తున్నవాళ్లు ఈ సంగతి విడిగా అడగాలి.

సిటీ లోపలైతే లెక్క మారుతుంది. ఇల్లు హడ్ ప్రమాణం ప్రకారం తయారైతే దాని గోడలు, వైరింగ్ మా కోడ్ ప్రకారం లేవని సిటీ అభ్యంతరం చెప్పలేదు. ఆ విషయంలో ఫెడరల్ చట్టానిదే పైచేయి. కానీ ఏ ప్రాంతంలో పెట్టవచ్చో మాత్రం సిటీ చెప్పగలదు. 1976కు ముందటి మొబైల్ హోమ్‌ను నివాసానికి తెచ్చిపెట్టడాన్ని సిటీ పూర్తిగా ఆపేయగలదు కూడా.

ఈ రెంటికీ మధ్య ఈటీజే (ఎక్స్‌ట్రాటెరిటోరియల్ జ్యూరిస్‌డిక్షన్) అనే ఒక పరిధి ఉంది. సిటీ పొలిమేర అవతల కూడా కొంత దూరం దాని ప్రభావం ఉంటుంది. జనాభా 5 వేల లోపైతే అర మైలు, లక్ష దాటితే 5 మైళ్లు. ఇక్కడ సిటీకి జోనింగ్ లేదు. నేలను ముక్కలు చేసే విషయంలో మాత్రం దాని నియమాలు వర్తించవచ్చు. 2023లో వచ్చిన చట్టంతో కొందరు యజమానులు దరఖాస్తు పెట్టుకుని ఈటీజే నుంచి బయటికి వస్తున్నారు. అందువల్ల పాత మ్యాపును నమ్ముకోకుండా ఇప్పుడెలా ఉందో అడగడం మేలు.

ఇదంతా టెక్సస్ సంగతి. కాలిఫోర్నియాలో మొత్తం తిరగబడుతుంది. అక్కడ జోనింగ్ అన్ని చోట్లా ఉంది, కానీ మామూలు ఇంటికి అనుమతి ఉన్న స్థలంలో శాశ్వత పునాది మీద పెట్టే మాన్యుఫాక్చర్డ్ హోమ్‌ను కూడా రానివ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతుంది. పదేళ్లు దాటిన పాత ఇంటిని మాత్రం స్థానిక ప్రభుత్వం కాదనవచ్చు. నార్త్ కరోలినాలో వీటిని తమ పరిధి మొత్తంలో నిషేధించే హక్కు స్థానిక ప్రభుత్వాలకు లేదు, కానీ చూడ్డానికి ఎలా ఉండాలో నియమాలు పెట్టవచ్చు. నార్త్ కరోలినా రాజధాని ర్యాలీ నగరంలో ఉన్న స్నేహితుడు చెప్పిన పద్ధతి డాలస్‌లో పనికి రాకపోవడానికి కారణం ఇదే.

అసలు అడ్డు ఎక్కడుంటుందంటే

నా దృష్టిలో టెక్సస్ పల్లెల్లో మాన్యుఫాక్చర్డ్ హోమ్‌ను ఎక్కువగా ఆపేది ప్రభుత్వం కాదు, డీడ్ రిస్ట్రిక్షన్స్. వందెకరాల రాంచ్‌ను ఎవరో ఎప్పుడో ఐదారెకరాల ముక్కలు చేసి అమ్మి ఉంటారు. అప్పుడే "ఈ స్థలాల్లో మొబైల్ హోమ్‌లు పెట్టరాదు, ఇల్లు ఇన్ని చదరపు అడుగులకు తగ్గరాదు" అని రాసి కౌంటీ క్లర్క్ ఆఫీసులో రిజిస్టర్ చేసి పెడతారు. ఆ షరతులు నేలతోపాటే నడుస్తాయి. రాసినాయన పోయినా, నేల నాలుగు చేతులు మారినా అవి అలాగే ఉంటాయి. హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు. పక్క స్థలం యజమానే కోర్టుకు వెళ్లి వాటిని అమలు చేయించవచ్చు. కౌంటీకి వాటితో సంబంధం లేదు కాబట్టి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పదు.

ఇక్కడ చాలామంది ఒక వాదన పట్టుకుంటారు: కాగితంలో మొబైల్ హోమ్ అని ఉంది, మాది మాన్యుఫాక్చర్డ్ హోమ్, చట్టం దృష్టిలో రెండూ వేరు కదా అని. దయచేసి ఆ నమ్మకంతో ఇల్లు దింపకండి. షరతు రాసినవాళ్ల ఉద్దేశమేమిటి అని కోర్టు చూస్తుంది. చక్రాలు తీసేసి, పునాదికి బిగించి, చుట్టూ ఇటుక పేర్చినంత మాత్రాన నిషేధం తప్పించుకున్నట్టు కాదు.

కొనేటప్పుడు యాజమాన్య హక్కులను పరిశీలించే టైటిల్ కంపెనీ ఇచ్చే టైటిల్ కమిట్‌మెంట్‌లో షెడ్యూల్ బీ అనే భాగం ఉంటుంది. అందులో ఈ షరతులకు వాల్యూమ్ నంబరు, పేజీ నంబరు ఇచ్చి వదిలేస్తారు. ఆ పేజీలు తెప్పించుకుని చివరి వరకు చదవండి. బావగారు చూసిన నేలకు ప్రకటనలో "ఏ షరతులూ లేవు" అని ఉంది. షెడ్యూల్ బీలో పాత షరతుల పత్రం ఒకటి బయటపడింది. అదృష్టం కొద్దీ అందులో ఒకే ముక్కగా వచ్చే సింగిల్ వైడ్‌లనే వద్దన్నారు, డబుల్ వైడ్‌లను పేరు పెట్టి అనుమతించారు. ఆ ఒక్క వాక్యం ఇంకోలా రాసి ఉంటే ఆ నేల మీద ఆయన ఆశ వదులుకోవాల్సిందే.

పదెకరాల గీత

టెక్సస్ ప్రకటనల్లో "10.01 ఎకరాలు" అనే వింత అంకె తరచూ కనిపిస్తుంది. ఆ పాయింట్ సున్నా ఒకటికి కారణం ఉంది. రాష్ట్ర చట్టాల్లో పదెకరాల దగ్గర మూడు గీతలు ఉన్నాయి.

మొదటిది ప్లాటింగ్, అంటే విడదీసే ముక్కల నక్షా గీయించడం. పెద్ద కమతాన్ని ముక్కలు చేసి అమ్మేటప్పుడు కౌంటీ దగ్గర ఆ నక్షాకు (ప్లాట్‌కు) ఆమోదం కావాలి. ప్రతి ముక్కా పదెకరాలకు మించి ఉండి, కొత్తగా రోడ్లు వేయకపోతే ఆ అవసరం లేదు. రెండోది బోరు. భూగర్భజల జిల్లా ఉన్నచోట కూడా, పదెకరాలకు మించిన నేలలో ఇంటి అవసరానికి, రోజుకు 25 వేల గ్యాలన్లకు మించి తోడలేని బోరుకు పర్మిట్ నుంచి మినహాయింపు ఉంది. మూడోది సెప్టిక్. పదెకరాలు లేదా అంతకు మించి ఉండి, ఆ నేలలో అదొక్కటే ఇల్లయి, సెప్టిక్ భాగాలన్నీ సరిహద్దుకు వందడుగులు లోపల ఉంటే రాష్ట్ర నియమం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. చాలా కౌంటీలు ఇంతకన్నా కఠినంగా నియమం పెట్టుకుని ఎన్ని ఎకరాలున్నా పర్మిట్ అడుగుతాయి.

సరిగ్గా 10.00 ఎకరాలు ఉంటే మూడో మినహాయింపు దొరుకుతుంది, మొదటి రెండూ దొరకవు. అంత సన్నని గీత అది. పదికి లోపు ఉంటే కొనకూడదని నేననడం లేదు. కాగితాలు పెరుగుతాయి, అంతే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ముక్కను చట్టప్రకారం విడదీశారా లేదా అని అడగాలి. ఎవరో తమ పన్నెండెకరాల్లోంచి ఆరెకరాలు కోసి ప్లాట్ లేకుండా అమ్మేస్తే, ఆ తప్పు మీరు సెప్టిక్ పర్మిట్‌కు వెళ్లిన రోజు బయటపడుతుంది.

నల్లరేగడికి తెలుగువాళ్లు కొత్తవాళ్లు కాదు

కాగితాలన్నీ బాగున్నా చివరి మాట మట్టిది. డాలస్ చుట్టూ, అక్కడి నుంచి ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీలో మట్టి చూస్తే కర్నూలు, ఆదిలాబాద్ పత్తి చేలు గుర్తొస్తాయి. ఊరికే పోలిక చెప్పడం లేదు. మట్టి శాస్త్రంలో రెండూ వర్టిసోల్స్ అనే ఒకే తరగతి. ఇక్కడి ప్రసిద్ధ రకానికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. వాన పడితే ఉబ్బి జిగురవుతుంది, ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. పత్తికి మంచిదే కానీ మురుగునీటిని ఇంకించుకోదు.

మామూలు సెప్టిక్‌లో ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకుడు కాలువల్లోకి వెళ్లి నేలలోకి దిగాలి. లైసెన్సున్న సైట్ ఎవాల్యుయేటర్ వచ్చి, ఆ కాలువలు తవ్వాలనుకున్న చోట రెండు చివర్లా గుంటలు తీసి మట్టి తరగతి చూస్తాడు. బరువైన బంకమట్టి నాలుగో తరగతి. అది తేలితే మామూలు కాలువలు కుదరవు. గాలి పంపి నీటిని శుద్ధి చేసి, స్ప్రింక్లర్లతో పైన చల్లే ఏరోబిక్ సిస్టమ్‌కు చాలాసార్లు వెళ్లాల్సి వస్తుంది. దానికి కరెంటు కావాలి, క్లోరిన్ కావాలి, నాలుగు నెలలకోసారి పరీక్ష కావాలి. మొదటి రెండేళ్ల సర్వీసు అమర్చినవాళ్లే చేయాలి. ఖర్చు మామూలు సెప్టిక్ కన్నా బాగా ఎక్కువ.

సెప్టిక్ ఎంత పెద్దదో ఇంట్లో ఎంతమంది ఉంటారనే దాన్ని బట్టి కాదు, పడకగదుల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. నీరు ఆదా చేసే కుళాయిలుంటే మూడు బెడ్‌రూములకు రోజుకు 240 గ్యాలన్లు, నాలుగు బెడ్‌రూములకు 300. పర్మిట్ తీసుకున్నాక డీలర్ దగ్గర మనసు మారి నాలుగు బెడ్‌రూముల మోడల్ ఎంచుకుంటే సెప్టిక్ డిజైన్ మళ్లీ మొదటికొస్తుంది. బావగారింట్లో ఇదే జరగబోయింది. అక్కయ్య పూజగది కోసం ఇంకో గది ఉన్న ప్లాన్ అడిగింది. ఆ గదికి క్లోజెట్ కూడా ఉండటంతో ప్లాన్‌లో అది నాలుగో బెడ్‌రూము కింద లెక్కకొచ్చింది. సంతకానికి ముందే గమనించడం మంచిదైంది.

దూరాలు కూడా ఉన్నాయి. బోరు నుంచి ట్యాంకు 50 అడుగులు, ఇంకుడు కాలువలు 100 అడుగులు దూరంగా ఉండాలి. పంచాయతీ కుళాయి లాంటి పబ్లిక్ నీళ్లున్న చోట కొత్తగా విడదీసే స్థలం కనీసం అరెకరం, సొంత బోరైతే ఒకెకరం ఉండాలని రాష్ట్ర నియమం. ఇల్లు, బోరు, సెప్టిక్, దారి నాలుగూ ఒకే కాగితం మీద గీసి చూస్తే తప్ప అవన్నీ పడతాయో లేదో తెలియదు.

అందుకే నా సలహా ఒక్కటే. టెక్సస్ కొనుగోలు ఒప్పందాల్లో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది. కొద్ది మొత్తం కట్టి, ఆ కొన్ని రోజుల్లో ఏ కారణం చెప్పకుండానే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. మట్టి పరీక్ష, షరతుల పత్రం చదవడం ఆ రోజుల్లోనే అయిపోవాలి. చాలామంది ఇల్లు బుక్ చేశాక మట్టి తవ్విస్తారు. అప్పటికి డిపాజిట్ కట్టేసి ఉంటారు, ఇక చూడండి టెన్షన్.

వరద, గాలి, దారి

విపత్తులను చూసే ఫెడరల్ సంస్థ ఫీమా వరద మ్యాపులో, వరద ముప్పు ఎక్కువని గుర్తించిన 'ఏ' (A) లేదా 'ఏఈ' (AE) జోన్‌లో ఇల్లు పడితే కౌంటీ ఫ్లడ్‌ప్లెయిన్ పర్మిట్ తప్పదు. ఇంటిని వరద మట్టానికి పైకెత్తి, కొట్టుకుపోకుండా బిగించాలి. వాగు ఒక మూలనే ఉంది, ఇల్లు మిట్ట మీద పెడతాం అనుకున్నా ఆ మాట కౌంటీ నుంచి కాగితం మీద తీసుకోండి.

గాలి సంగతి తీరంలో ముఖ్యం. 1992లో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాలో ఈ ఇళ్లను తుడిచిపెట్టాక, 1994లో హడ్ గాలి ప్రమాణాలను కఠినం చేసింది. ఇప్పుడు మూడు విండ్ జోన్లు ఉన్నాయి. టెక్సస్‌లో గాల్వెస్టన్, బ్రజోరియా లాంటి తీర కౌంటీలు రెండో జోన్. డాలస్ దగ్గర చవగ్గా దొరికిన మొదటి జోన్ ఇంటిని గాల్వెస్టన్‌కు తీసుకెళ్దామనుకునేవాళ్లు ముందు డేటా ప్లేట్ చూసుకోవాలి.

రాష్ట్ర రహదారి నుంచి లోపలికి దారి తీయాలంటే టెక్స్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) పర్మిట్, కౌంటీ రోడ్డయితే కౌంటీ అనుమతి కావాలి. కల్వర్టు పైపు ఎంత లావుండాలో వాళ్లే చెబుతారు. కరెంటు కనెక్షన్‌కు ముందు 911 అడ్రసు, అంటే అత్యవసర సేవలవాళ్లు ఇల్లు గుర్తుపట్టే అడ్రసు తీసుకోవాలి. గ్రామీణ నీటి సంస్థ పైపు రోడ్డు పక్కనే కనిపించినా కొత్త కనెక్షన్ ఇచ్చే స్తోమత దానికి ఉందో లేదో రాతలో అడగండి.

నిలబెట్టడం, రాసుకోవడం

టెక్సస్‌లో ఈ ఇంటిని అమర్చేది రాష్ట్ర లైసెన్సున్న ఇన్‌స్టాలరే అయి ఉండాలి. స్థలం చదును చేయించి సిద్ధం చేసే బాధ్యత సాధారణంగా కొనేవారిది. ఆ సంగతి చెప్పే నోటీసు మీద ముందే మీ సంతకం తీసుకుంటారు. ఫెడరల్ నమూనా నియమం ప్రకారం ఇంటి చుట్టూ మొదటి పదడుగుల వరకు అడుగుకు అరంగుళం చొప్పున నేల వాలుగా ఉండాలి. రేగడి నేలలో ఈ వాలు చాలా ముఖ్యం. ఇంటి కింద నీరు నిలిస్తే ఇంటిని మోసే దిమ్మెలు ఒకవైపు లేచి, తలుపులు పట్టేయడం మొదలవుతుంది.

కాంక్రీటు దిమ్మెలు, నేలలోకి దించే యాంకర్లు రాష్ట్ర నియమానికి సరిపోతాయి. బ్యాంకుకు సరిపోకపోవచ్చు. ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వం బీమా ఇచ్చే రుణం) లాంటి గృహరుణాలకు హడ్ మార్గదర్శి ప్రకారం శాశ్వత పునాది, దానికి ఇంజనీరు ధ్రువీకరణ అడుగుతారు. ఒకసారి ఒకచోట అమర్చి, అక్కడి నుంచి ఊడదీసి తెచ్చిన ఇంటికి చాలా లోన్లు రావు. కాబట్టి ముందు లోన్ ఏదో తేల్చుకుని, తర్వాత పునాది వేయించండి.

నేలకు వ్యవసాయ పన్ను రాయితీ ఉంటే, ఇల్లు కూర్చున్న భాగం దాన్నుంచి బయటికొస్తుంది. వినియోగం మారిందని తేలితే ఆ భాగం మేరకు గత మూడేళ్ల తేడా పన్ను కూడా పడవచ్చు. 2019కి ముందు అది ఐదేళ్లు. సొంత నివాసంగా హోమ్‌స్టెడ్ ప్రకటించుకున్నంత మాత్రాన వినియోగం మారినట్టు కాదని చట్టంలో ఒక మాట ఉంది. అద్దె ఇంటికి అది వర్తించదు. అన్నట్టు, ఆరెకరాల్లో మూడు ఇళ్లు పెట్టి అద్దెకిద్దామని లెక్కలేసే మిత్రులు గమనించాలి. రెండు లేదా అంతకు మించి స్థలాలుగా విడదీసి ఇలా అద్దెకిస్తే చట్టం దాన్ని రెంటల్ కమ్యూనిటీ అంటుంది. రోడ్లు, డ్రైనేజీ, నీరు, మురుగుకు కౌంటీ వేరే ప్రమాణాలు అడగవచ్చు.

చివరిగా యాజమాన్య పత్రం. కొత్తగా వచ్చిన ఈ ఇల్లు టెక్సస్‌లో మొదట కారులాంటి చరాస్తే. రాష్ట్ర గృహ శాఖలోని మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ విభాగం దానికి స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ ఇస్తుంది. అమ్మకం జరిగిన 60 రోజుల్లో దానికి దరఖాస్తు వెళ్లాలి. నేల కూడా మీదే అయితే ఇంటిని స్థిరాస్తిగా ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక ఆ పత్రం ధ్రువీకరించిన నకలును కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయిస్తేనే ఇల్లు, నేల ఒక్కటవుతాయి. డీలర్ చేస్తాడులే అని వదిలేసి, పదేళ్ల తర్వాత అమ్మబోయేటప్పుడు ఇల్లు ఒకరి పేర, నేల ఒకరి పేర ఉన్నట్టు తెలుసుకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. బావగారు మాత్రం ఆ నకలు పట్టుకుని తానే స్వయంగా కౌంటీ క్లర్క్ కిటికీ దగ్గర నిలబడి, ముద్ర వేయించుకుని వచ్చారు.